దారి బత్తెం: విదేశీ ప్రయాణానికి వైద్య బీమా తీసుకోవచ్చా?

ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అతనిది గుంటూరు జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే సందుల్లో ఒక అద్దె గదిలో ఉంటున్నారు. సినిమా యూనిట్‌లో లైట్‌మ్యాన్‌గా పనిచేస్తాడు.

“మౌలానా సాబ్! పాట షూటింగ్ కోసం పది రోజులు యూరప్ వెళ్తున్నాం. వీసా కావాలంటే మెడికల్ ఇన్సూరెన్స్ కాగితం పెట్టాలంటున్నారు. అది హరామ్, సంతకం పెట్టొద్దని మా మామయ్య అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?” అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. రేపు ఇషా తర్వాత రమ్మన్నాం. జవాబు తెలియక కాదు. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి ప్రశ్నకే ఒక్క మాటలో జవాబు చెప్పి ఉన్నాం. దాని ఫలితాన్ని ఒక కుటుంబం మూడేళ్ళు అనుభవించింది.

అప్పుడు అడిగిన మనిషి కాస్ట్యూమ్ విభాగంలో కుట్టుపని చేసే దర్జీ. యాభై ఏళ్ళు దాటినవాడు. వారం రోజుల పనికి బ్యాంకాక్ వెళ్తున్నాడు. కావాలనుకున్నవారు తమ డబ్బుతో పాలసీ తీసుకోవచ్చని ప్రొడక్షన్ వాళ్ళు చెప్పారట. మేము మస్జిదు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఉండగా అడిగాడు. “బీమా జాయిజ్ కాదు భాయ్, అల్లాహ్ మీద భారం వేసి వెళ్ళండి” అన్నాం. ఆయన అలాగే వెళ్ళాడు. నాలుగో రోజు మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలంటే ముందు డబ్బు కట్టమన్నారు. తోటి కార్మికులు తమ బత్తా డబ్బులు పోగుచేసి ఇచ్చారు. అది చాలలేదు. ఇక్కడ ఆయన భార్య తన ఒంటి మీద బంగారం మొత్తం వడ్డీ దుకాణంలో కుదువ పెట్టింది. బావమరిది అప్పు తెచ్చాడు. ఆ నగలు విడిపించడానికి వారికి మూడేళ్ళు పట్టింది.

ఆయన మమ్మల్ని ఒక్క మాట నిందించలేదు. ఒకసారి మాత్రం, “మౌలానా సాబ్! వడ్డీ కలుస్తుందేమోనన్న అనుమానంతో పాలసీ వద్దనుకున్నాం. చివరికి నేరుగా వడ్డీలోనే పడ్డాం” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ప్రియ పాఠకులారా! మేము ఆ రోజు చెప్పిన మాట పుస్తకాల్లో లేనిది కాదు. అయితే అడిగిన మనిషి ఎవరు, ఆయన ఆర్థిక స్థితి ఏమిటి, జరగరానిది జరిగితే ఆ భారం ఎవరి మీద పడుతుంది అని మేము అడగలేదు. అందుకే ఈ సమస్యను కాస్త వివరంగా మీ ముందు ఉంచుతున్నాం. సినిమా రంగంలోని ఇతర విషయాల మీద చర్చ వేరు. దాన్ని ఇక్కడ ఎత్తుకోవడం లేదు.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు

వైద్య బీమా తీసుకోవడం అల్లాహ్ మీద నమ్మకం లేకపోవడమేనని కొందరు సోదరులు అంటారు. ముందు ఈ మాటను పరిశీలిద్దాం.

హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన ఒక విషయం సహీహ్ బుఖారీలో ఉంది. యమన్ దేశస్థులు కొందరు దారి బత్తెం ఏమీ తీసుకోకుండానే హజ్‌కు బయలుదేరేవారు. మేము అల్లాహ్‌నే నమ్ముకున్నవాళ్ళం అనేవారు. మక్కా చేరాక మాత్రం జనం ముందు చేయి చాచేవారు. ఈ సందర్భంలోనే అల్ బఖరా సూరాలోని 197వ ఆయతు అవతరించింది. ప్రయాణానికి కావలసిన సామగ్రి వెంట తీసుకెళ్ళమని, అన్ని సామగ్రుల్లోకీ దైవభీతి శ్రేష్ఠమైనదని అందులో అల్లాహ్ ఆదేశించాడు.

ఈ సంఘటనలో మనకు గొప్ప పాఠం ఉంది. యమన్ యాత్రికులు పైకి అల్లాహ్‌ను నమ్ముకున్నారు. ఆచరణలో మక్కావాసుల సంచులను నమ్ముకున్నారు. మన దర్జీ సోదరుడి విషయంలోనూ ఇదే జరిగింది. ఆయన సంకల్పం స్వచ్ఛమైనదే. కానీ దాని ఖర్చు మాత్రం తోటి కార్మికుల బత్తాలోంచి, భార్య నగల్లోంచి వచ్చింది. మన భక్తికి అయ్యే ఖర్చు ఇతరుల చేత కట్టించడం తవక్కుల్ అనిపించుకోదు.

ఒంటెను కట్టేసి అల్లాహ్ మీద భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒకాయన అడిగినప్పుడు, ముందు కట్టేయమని, తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించిన విషయం తిర్మిజీ గ్రంథంలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో ఉండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళ్తున్నామన్నది ఆయన ఇచ్చిన సమాధానం.

కాబట్టి రాబోయే ఆపదకు ముందుగా ఏర్పాటు చేసుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు. బీమా మీద ఉన్న అభ్యంతరం తవక్కుల్‌కు సంబంధించినది కాదు. అది వేరే చోట ఉంది.

మరి చిక్కు ఎక్కడ ఉంది?

చిక్కు ఒప్పందంలో ఉంది. దారి బత్తెం మన సొంత సొత్తు. తిన్నంత తింటాం, మిగిలింది ఇంటికి తెచ్చుకుంటాం. బీమా అలాంటిది కాదు. మనం కొన్ని వందలో వేలో ప్రీమియం కడతాం. ఏమీ జరగకపోతే ఆ డబ్బు కంపెనీది. ప్రమాదం జరిగితే కంపెనీ లక్షలు చెల్లించవచ్చు. ఇచ్చేది ఎంతో తెలుసు, వచ్చేది వస్తుందో రాదో, ఎంత వస్తుందో తెలియదు. ఇలాంటి అనిశ్చితిని షరీఅత్ పరిభాషలో ‘గరర్’ అంటారు. గరర్‌తో కూడిన క్రయవిక్రయాలను దైవప్రవక్త (స) వారించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఇందులో జూదం పోలిక కూడా ఉంది. జూదాన్ని అల్ మాయిదా సూరా 90వ ఆయతు నిషేధించింది.

రెండో చిక్కు వడ్డీ. కంపెనీ మన ప్రీమియాన్ని ఊరికే పెట్టెలో పెట్టుకోదు. మన దేశంలో 1938 నాటి బీమా చట్టం ప్రకారం కంపెనీలు తమ పెట్టుబడుల్లో కొంత భాగాన్ని ప్రభుత్వ సెక్యూరిటీలలో పెట్టాలి. వాటి మీద వచ్చేది వడ్డీయే. అంటే యజమాని ఎంత భక్తిపరుడైనా ఈ చట్టం కింద కంపెనీ నడిపితే వడ్డీని తప్పించుకోలేడు.

కనుక మామయ్య అన్న మాటకు ఆధారం లేదని ఆ యువకుడు తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. పెద్దాయన భయం సరైన చోట పుట్టిన భయమే.

ఉలమా ఏమన్నారు?

ఈ విషయంపై మన పండితులు ఎప్పటి నుంచో ఆలోచిస్తున్నారు. 1965లో లక్నోలోని నద్వతుల్ ఉలమాకు చెందిన మజ్లిసె తహఖీఖాతె షరయ్యా బీమాపై చర్చించింది. తీవ్రమైన అవసరం ఉన్నచోట వెసులుబాటు ఉందని అభిప్రాయపడింది. 1978లో మక్కాలోని ఫిఖహ్ మండలి వాణిజ్య బీమా ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. ఆ సమావేశంలోనే సిరియా పండితులు షేఖ్ ముస్తఫా అజ్జర్కా భిన్నాభిప్రాయం తెలిపారు. బీమా పద్ధతి మౌలికంగా ధర్మసమ్మతమేనన్నది ఆయన వాదన. 1985 డిసెంబరులో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కూడా వాణిజ్య బీమా నిషిద్ధమని తేల్చి, దాని స్థానంలో పరస్పర సహకారంపై ఆధారపడిన బీమాను సూచించింది.

మన సమస్యకు బాగా దగ్గరగా ఉన్నది 2006లో మైసూరులో జరిగిన ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ (ఇండియా) సదస్సు నిర్ణయం. అక్కడ ప్రత్యేకంగా వైద్య బీమా మీదే చర్చ జరిగింది. ఆ నిర్ణయం సారాంశం ఇది: ప్రస్తుత రూపంలో ఉన్న వైద్య బీమా సాధారణ పరిస్థితుల్లో ధర్మసమ్మతం కాదు. చట్టం తప్పనిసరి చేసినచోట తీసుకునే వెసులుబాటు ఉంది. అయితే తాను కట్టిన దానికంటే ఎక్కువ మొత్తం చికిత్సకు ఖర్చయితే, స్తోమత ఉన్నవాడు ఆ అదనపు మొత్తాన్ని పుణ్యఫలాపేక్ష లేకుండా దానం చేసివేయాలి.

ఈ నిర్ణయాల వెనుక ఒక సూత్రం ఉంది. గత్యంతరం లేని స్థితిలో నిషిద్ధ వస్తువు తిన్నవానిపై పాపం లేదని, అయితే అతనిలో కోరిక గానీ హద్దుమీరడం గానీ ఉండకూడదని అల్ బఖరా సూరా 173వ ఆయతు తెలుపుతోంది. దీన్నుంచే ఫుఖహా ఒక నియమం తీశారు. అవసరం ఎంత ఉందో అనుమతి కూడా అంతే.

మూడు రకాల ప్రయాణాలు

ఈ నియమంతో కొలిచి చూస్తే మన ఇళ్ళలో జరిగే విదేశీ ప్రయాణాలు మూడు రకాలుగా కనిపిస్తాయి.

మొదటిది, బీమా లేకుండా వీసాయే రానిది. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్విట్జర్లాండ్ వంటి షెంగెన్ దేశాల స్వల్పకాలిక వీసాకు మనవాళ్ళు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. 2004 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. అత్యవసర చికిత్స, ఆస్పత్రి ఖర్చు, అనారోగ్యంతో గానీ మరణించినప్పుడు గానీ స్వదేశానికి తరలించే ఖర్చు అందులో ఉండాలి. హీరోకైనా లైట్‌మ్యాన్‌కైనా నిబంధన ఒకటే. ఉమ్రా వీసా రుసుములో కూడా బీమా కలిసే ఉంటుంది. ఇక్కడ ప్రయాణికుడికి ఎంపిక లేదు. ధర్మసమ్మతమైన అవసరం కోసం వెళ్తున్నవాడు నిబంధనకు సరిపడే పాలసీ తీసుకోవచ్చు. సామాను పోతే పరిహారం, విమానం ఆలస్యమైతే పరిహారం అంటూ అదనపు ఆకర్షణలు చేర్చుకోనవసరం లేదు.

రెండోది, చట్టం అడగదు గానీ ముప్పు పెద్దది. కూతురి కాన్పు కోసం అమెరికా వెళ్ళే అరవై ఏళ్ళ తల్లిని తీసుకోండి. సందర్శకుల వీసాకు అక్కడ బీమా తప్పనిసరి కాదు. కానీ ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంటే వచ్చే బిల్లు ఒక మధ్యతరగతి కుటుంబం జీవితకాల పొదుపును మింగివేయగలదు. ఇక్కడ ఉలమా మధ్య భిన్నాభిప్రాయం ఉంది. తీవ్రమైన అక్కర కూడా కొన్నిసార్లు గత్యంతరం లేని స్థితితో సమానమవుతుందని ఫుఖహా చెప్పిన నియమాన్ని బట్టి, బిల్లు భరించే శక్తి లేనివారికి, భరించబోయి వడ్డీ అప్పుల్లో పడేవారికి వెసులుబాటు ఉందని మా ఆలోచన. అయితే ప్రతి కుటుంబం తన పరిస్థితిని నమ్మకమైన ముఫ్తీ ముందు ఉంచి అడిగి తెలుసుకోవాలి.

మూడోది, చట్టమూ అడగదు, శక్తి కూడా ఉంది. జూబిలీ హిల్స్‌లో సొంత బంగళా ఉండి, నాలుగు రోజులు దుబాయి చూసి వద్దామనుకునే ఆరోగ్యవంతుడికి ఏ అక్కరా లేదు. ఆయన బ్యాంకులో ఉన్న సొమ్మే ఆయనకు దారి బత్తెం. ఆయన వాణిజ్య బీమా నుంచి దూరంగా ఉండటమే మేలు.

గమనించండి. మామూలుగా లోకంలో సౌకర్యాలు డబ్బున్నవాడికి ఎక్కువ, లేనివాడికి తక్కువ. ఈ అనుమతి మాత్రం కొండ మీద బంగళాలో ఉన్నవాడి కంటే కింద సందులో ఉన్నవాడికే ఎక్కువ విశాలంగా ఉంది. మేము ఆ దర్జీకి చెప్పిన జవాబు నిజానికి బంగళాలో ఉన్నవాడికి చెప్పవలసింది.

పాలసీ తీసుకున్నవారి బాధ్యతలు

అనుమతి దొరికింది కదా అని బాధ్యత తీరిపోదు. దరఖాస్తులో షుగర్ ఉందా, గుండె జబ్బు ఉందా అని అడుగుతారు. ఉన్నా లేదని రాయడం అబద్ధం, మోసం. మోసం చేసేవాడు తమవాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. లోకరీత్యా చూసినా ఇది నష్టమే. దాచిన జబ్బు బయటపడితే కంపెనీ డబ్బు చెల్లించదు. అసలు చాలా ప్రయాణ పాలసీలు పాత జబ్బులకు వర్తించవు, లేదా పరిమితంగానే వర్తిస్తాయి. ఖర్చులో మొదటి కొంత భాగం మనమే భరించాలనే షరతు కూడా ఉండవచ్చు. సంతకం పెట్టేముందు చదవాలి. చదవడం రాకపోతే చదివించుకోవాలి.

వీసా చేతికి వచ్చాక పాలసీ రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకునేవారు కొందరున్నారు. హరామ్‌ను వదిలించుకున్నామని వారు అనుకుంటారేమో! బీమా ఉందని ఒక ప్రభుత్వానికి మాట ఇచ్చి, ఆ మాట మీద వీసా పొంది, తర్వాత తప్పడం వాగ్దానభంగం. ఒక సందేహం నుంచి పారిపోయి ఒక స్పష్టమైన తప్పులో పడటం ఇది.

ఇక లెక్క. ఒక సోదరుడు 1,200 రూపాయలు ప్రీమియం కట్టాడనుకుందాం. చికిత్సకు కంపెనీ 1,80,000 చెల్లించింది. మైసూరు నిర్ణయం ప్రకారం స్తోమత ఉంటే మిగతా 1,78,800 రూపాయలు దానం చేయాలి. నిర్మాతకో హీరోకో ఇది పెద్ద మొత్తం కాదు. రోజు కూలీ మీద బతికే లైట్‌మ్యాన్‌కు ఆ స్తోమత ఉండదు, కాబట్టి అతనిపై ఆ భారం లేదు. అయినా లెక్క రాసిపెట్టుకుని, అల్లాహ్ శక్తి ఇచ్చినప్పుడు కొంత కొంత తీర్చుకోవడం మంచిదని మా సలహా.

యజమాని తన డబ్బుతో కార్మికులందరికీ పాలసీ తీసుకున్నప్పుడు ఒప్పందం చేసుకున్నది యజమాని. కార్మికుడికి అందేది యజమాని ఇచ్చే వైద్య సౌకర్యం. దాన్ని వినియోగించుకోవచ్చని చాలామంది ఉలమా అభిప్రాయం. నిర్మాతలుగా, మేనేజర్లుగా ఉన్న సోదరులకు ఒక మాట. మీ కింద పనిచేసేవారు మీ సోదరులని, వారికి మించిన భారం మోపవద్దని, మోపితే తోడ్పడమని దైవప్రవక్త (స) ఆదేశించారు. వారిని పరదేశం తీసుకెళ్తున్నది మీ పని కోసమే. అక్కడ వారికి దెబ్బ తగిలితే చికిత్స చేయించడం మీ బాధ్యతే. బీమా తీసుకుంటారో, చికిత్స ఖర్చు విడిగా సిద్ధం చేసుకుంటారో మీ ఇష్టం. ‘కావాలంటే మీ డబ్బుతో తీసుకోండి’ అని చేతులు దులుపుకోవడం మాత్రం న్యాయం కాదు.

సరాయి గుర్తుచేసే మాట

ఫిల్మ్ నగర్ నుంచి కిందికి దిగితే షేక్‌పేటలో కుతుబ్ షాహీల కాలం నాటి సరాయి, దాని మస్జిదు ఇప్పటికీ ఉన్నాయి. గోల్కొండకు వచ్చే బాటసారులు అక్కడ ఆగేవారు. ముస్లిం సమాజాలు ఒకప్పుడు ప్రయాణికుడి కోసం సరాయిలు కట్టాయి, వక్ఫులు ఏర్పరిచాయి, దవాఖానాలు నడిపాయి. జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో దారిలో చిక్కుకున్న బాటసారి ఒకడని అత్తౌబా సూరా 60వ ఆయతు పేర్కొంది. ఊళ్ళో ఆస్తి ఉన్నవాడైనా పరదేశంలో చేతిలో పైసా లేక చిక్కుకుంటే జకాత్ సహాయం పొందవచ్చు. ఆ దర్జీ సోదరుడు ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు జకాత్‌కు అర్హుడు. ఆయన భార్య వడ్డీ దుకాణానికి వెళ్ళేముందు మా మస్జిదుకు వచ్చి ఉండవచ్చు. రాలేదు. వస్తే ఇవ్వడానికి మా దగ్గర అలాంటి నిధి ఏదీ లేదని ఆమెకు తెలుసు. బీమా హరామ్ అని చెప్పడానికి మేము ఉన్నాం, దాని బదులు ఇవ్వడానికి ఎవరూ లేరు.

అష్అరీ తెగవారి పద్ధతిని దైవప్రవక్త (స) ఎంతో మెచ్చుకున్నారు. ఆహారం తగ్గిపోయినప్పుడు వారు తమ దగ్గరున్నదంతా ఒకే గుడ్డలో పోసి సమానంగా పంచుకునేవారు. ఈ స్ఫూర్తితోనే నేటి తకాఫుల్ రూపొందింది. 1979లో సూడాన్‌లో మొదటి ఇస్లామీ బీమా సంస్థ వెలిసింది. 1984లో మలేషియా తకాఫుల్ చట్టం చేసింది. అందులో సభ్యుడు ప్రీమియంతో రక్షణను కొనడు. తోటివారి కష్టం కోసం విరాళం ఇస్తాడు, తనకు కష్టం వస్తే ఆ నిధి నుంచి సహాయం పొందుతాడు. మన దేశంలో సామాన్యులు తీసుకోగల తకాఫుల్ పాలసీ దొరకడం లేదు. కానీ ఆ స్ఫూర్తిని ఆచరించడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

మన చుట్టూ చూస్తే ఉదాహరణలకు కొదవ లేదు. జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ రెండూ సహకార గృహనిర్మాణ సంఘాలతో ఏర్పడిన కాలనీలే. ఒక్కడు రాళ్ళగుట్ట మీద ఊరు కట్టలేడు గనుక పదిమంది కలిసి కట్టుకున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగిపోయినప్పుడు సినిమావాళ్ళు ‘కరోనా క్రైసిస్ ఛారిటీ’ పేరుతో విరాళాలు పోగుచేసి కార్మికులకు నిత్యావసర సరుకులు అందించారు. సరుకులకు సాధ్యమైన ఐకమత్యం వైద్యానికి ఎందుకు సాధ్యం కాదు? ప్రతి మస్జిదు కమిటీ బాటసారుల కోసం ఒక చిన్న నిధి పెట్టుకోవచ్చు. పాలసీ అక్కర లేని ధనికుడు, దానికి పెట్టే డబ్బును ఆ నిధిలో వేయవచ్చు. ఈ నిధి కాగితం చూసి ఏ రాయబార కార్యాలయమూ వీసా ఇవ్వదు. అమెరికా ఆస్పత్రి బిల్లు కూడా దీంతో తీరదు. కానీ ఒక దర్జీ భార్య నగలు వడ్డీ దుకాణానికి వెళ్ళకుండా ఆపగలదు.

మర్నాడు ఇషా తర్వాత ఆ యువకుడు వచ్చాడు. ఈ విషయాలన్నీ చెప్పి, “నీ ప్రయాణం మొదటి రకం. పాలసీ తీసుకో. దరఖాస్తులో నిజం రాయి. ఖర్చు యజమాని భరిస్తాడేమో మర్యాదగా అడుగు. మీ మామయ్య మీద కోపం పెట్టుకోకు, ఆయన నీ మేలు కోరే చెప్పాడు” అన్నాం. “ఏమీ జరగకపోతే ఆ డబ్బు పోయినట్టేనా మౌలానా సాబ్?” అని అడిగాడు. “క్షేమంగా తిరిగి వస్తే రెండు రకాత్‌లు షుక్రానా నమాజు చెయ్యి. పోయిన డబ్బు గురించి కాదు, దక్కిన ఆరోగ్యం గురించి ఆలోచించు” అన్నాం.

అతను వెళ్ళాక దర్జీ సోదరుడి ఇంటికి నడిచాం. ఆనాడు తొందరపడి జవాబు చెప్పినందుకు ఆయన్ను క్షమాపణ అడిగాం. అడగడానికి ఇన్నేళ్ళు ఆలస్యం చేశాం.

అల్లాహ్ మన ప్రయాణికులను క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక! వడ్డీ నుంచి, మోసం నుంచి, తోటివారికి భారం కావడం నుంచి మనల్ని కాపాడుగాక! అడిగినవారి పరిస్థితి తెలుసుకుని జవాబు చెప్పే వివేకాన్ని మాకు, ఒకరికొకరు ఆసరాగా నిలిచే మనసును మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.